తెలుగింట తొలి యక్షరములు

1822వ సంవత్సరము జూన్ 25వ తేదీని, చెన్నపురి గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో, తన యేలుబడిలోని జిల్లాలన్నిటియందును దేశీయులు తమ పిల్లలకు చదువు చెప్పించుకొను రీతి యెట్టిదో, బడులెన్నియో, వానిలో చదువుకొను బాలురెందరో లెక్కవ్రాసి పంపవలసినదని కలెక్టరులకు ఉత్తరువు లిప్పించెను. ఆ లెక్కలన్నియు వచ్చి చేరుటకు రెండున్నర యేండ్లకు పైగా పట్టినది. 1826 మార్చి 10వ తేదీని వానిని సమీక్షించుచు ఆయన వ్రాసిన పత్రమునుబట్టి, 1,28,50,941 మంది జనులున్న రాజధానిలో 12,498 బడులును, లక్షా ఎనుబది యెనిమిదివేలకు పైబడిన విద్యార్థులును ఉండిరి. అనగా జనులలో 67 మందికొక్కడు బడికి పోవుచుండెనన్నమాట. అయినను మన్రో యంతటితో లెక్క ముగియలేదని గ్రహించెను. చెన్నపట్టణపు కలెక్టరు పంపిన పట్టికలో బడికి పోవువారికంటె ఇంటియొద్దనే చదువుకొను పిల్లలు ఐదింతలుగా, 26 వేలకు మించి కనబడిరి. ఈ సంఖ్యలో నేదో పొరపాటుండునని ఆయన శంకించెనేగాని, బంధువులయొద్దనో, ఇంటికి వచ్చు పంతులయొద్దనో బాలురు చదువుకొనుట యీ దేశమున నెచ్చటను అపూర్వము కాదని యంగీకరించి, ఇంటిచదువును గూడ కలుపుకొన్నచో మగపిల్లలలో నాలుగవవంతుకంటె మూడవవంతునకే దగ్గరగా చదువు గలవారున్నారని నిర్ణయించెను.

బడుల లెక్కలు పట్టికలలో నిలిచినవి. ఇంటిచదువునకు పట్టిక లేదు, హాజరుపుస్తకము లేదు, జీతము పుచ్చుకొన్న రసీదు లేదు. తాతయో, తల్లియో, మేనత్తయో, పొరుగింటి పంతులుగారో దినమునకింత యని కూర్చుండబెట్టి చెప్పిన చదువది. చెప్పినవారితోడనే యది గతించెను. కాని యది విడిచిపోయిన జాడలు మన పండుగలలోను, పలకాబలపములలోను, నేటికిని పిల్లలు రాగముతో వల్లించు గుణింతములోను మిగిలియున్నవి. ఆ జాడలను, పూర్వులు వ్రాసియుంచిన కొలది సాక్ష్యములను ఒకచోట కూర్చి చూచినప్పుడు, తెలుగుదేశమున అక్షరము మొదట నోటిది, పిమ్మట వ్రేలిది, కట్టకడపట కంటిదిగా నుండెనని నాకు దృఢముగా తోచుచున్నది. ఈ వరుసయే మన యింటిచదువునకు ప్రాణము. దానిని మనము చేజార్చుకొనుచున్నామను విచారమే యీ వ్యాసమునకు హేతువు.

పిల్లవానికి అక్షరములు నేర్పుట పూర్వకాలమునుండియు ఉపనయనమునకు ముందు జరుగవలసిన పని. కావుననే యది గురుకులమునకు చెందక గృహమునకు చెందినది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున, రాకుమారునకు చౌలము కాగానే లిపియు లెక్కయు నేర్పవలెనని విధించెను. కాళిదాసు రఘువంశమున, రఘువు చూడాకర్మమైన పిమ్మట మంత్రికుమారులతోగూడి అక్షరములు నేర్చినట్లు చెప్పెను. ఇంత ప్రాచీనమైన పనియయ్యును, జాతకర్మ మొదలుకొని వివాహమువరకు ప్రతి సంస్కారమునకును విధి చెప్పిన గృహ్యసూత్రములలో దీనికొక ప్రత్యేక సంస్కారము కానరాదు. పండ్రెండవ శతాబ్దమువాడైన అపరార్కుడు మొదలగువారి గ్రంథములలోనే, ఐదవయేట విద్యారంభము చేయవలెననియు, అందులకు తగిన మాసములివి యనియు చెప్పబడినది. లోకము ముందుగా ఆచరించినదానిని శాస్త్రము పిమ్మట స్వీకరించినదని దీనివలన ఊహింపవచ్చును. ఇండ్లలో తల్లిదండ్రులు చేసికొనుచున్న పనికి పురోహితుడు ముహూర్తము పెట్టుట తరువాతి మాట.

ఆ పని యెట్లు జరుగుచుండెనో తెలియుటకు మనకు చీనాదేశపు యాత్రికులు తోడ్పడుదురు. ఏడవ శతాబ్దమున మన ధాన్యకటకమునకు గూడ వచ్చి నివసించిన హ్యూన్‌త్సాంగు, ఈ దేశపు పిల్లలకు మొట్టమొదట పండ్రెండధ్యాయముల చిన్నపుస్తకమును చెప్పుదురని వ్రాసెను. ఒక్కొక్క హల్లునకు పండ్రెండచ్చులను చేర్చి పలికించు గుణింతమే యా పండ్రెండధ్యాయములని పండితుల యభిప్రాయము. ఉత్తరదేశమువారు గుణింతమును నేటికిని బారాఖడీ యనియే వ్యవహరింతురు. ఆయన వెనుక వచ్చిన ఇత్సింగు, ఆరేండ్ల పిల్లలు 49 అక్షరములుగల తొలి పుస్తకము నారంభించి ఆరుమాసములలో ముగింతురనియు, ఆ పుస్తకము సిద్ధిని కోరు మంగళవచనముతో మొదలగుననియు తెలిపెను. బౌద్ధుల లలితవిస్తరమున బాలసిద్ధార్థుడు లిపిశాలకు పోయిన కథలో, తోడిపిల్లలు ఒక్కొక్క యక్షరము పలుకగానే ఆ యక్షరముతో నారంభమగు ధర్మవచనమొకటి వెలువడినట్లు వర్ణింపబడినది. అకారము పలుకగా సంస్కారములన్నియు అనిత్యములను మాట వినబడెనట. అక్షరమునకొక మాటను జోడించి నేర్పు పద్ధతి, అ యనగా అమ్మ, ఆ యనగా ఆవు అను వాచకములతో నిన్న మొన్న పుట్టినది కాదని తెలియుటకీ కథ చాలును.

తెలుగుపిల్లవాని తొలి వ్రాత అకారముతో నారంభము కాలేదు. శివపంచాక్షరియు, దానివెంట సిద్ధులకు నమస్కారమును కలిసిన మంత్రాక్షరములే మన ఓనమాలు. వీనిలోని సిద్ధనమస్కారము జైనులు మన దేశమున బడులు నడపిన కాలపు శేషమనియు, శైవము ప్రబలిన పిమ్మట దానికి ముందు శివనామము చేరినదనియు చరిత్రకారులు పలువురు తలచిరి. ఈ యూహ నిజమైనచో, ఐదేండ్ల పసివాడు బియ్యములో దిద్దిన తొలి పంక్తిలో రెండు మతముల చరిత్ర యిమిడియున్నది; వానిలో నొకటి మన గ్రామములనుండి వెడలిపోయి శతాబ్దములైనను, దాని నమస్కారమును మాత్రము శివభక్తుల యిండ్లలో పిల్లలు చెరుపక దిద్దుచు వచ్చిరి.

అక్షరాభ్యాసపు తంతు మన యిండ్లలో నేటికిని జీవించియున్నది. పళ్లెములో బియ్యము పరచి, పసుపు గణపతిని నిలిపి, పలకకును బలపమునకును కుంకుమబొట్లుపెట్టి, బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, కుడిచేతి చూపుడువ్రేలు పట్టుకొని, తండ్రియో గురువో ఓనమాలు దిద్దించును. దిద్దించునప్పుడు ప్రతి యక్షరమును పైకి పలికించును. ఇది యీ తంతులోని ముఖ్యమైన యంశము. మంత్రముల సందడిలో మనము దీనిని గమనింపము. బిడ్డ చెవికి పెద్దవాని నోరు దగ్గరగా నున్నది, బిడ్డ వ్రేలు పెద్దవాని చేతిలో నున్నది, పలికిన ధ్వనియు గీచిన గీతయు ఒక్క క్షణమున కలిసినవి. పిమ్మట వచ్చిన పిల్లలందరికిని పలకలు, బలపములు, పప్పుబెల్లములు పంచిపెట్టుదురు. గోదావరీతీరమున బాసరలోని జ్ఞానసరస్వతి సన్నిధిని వసంతపంచమినాడు ఈ తంతునకై బిడ్డల నెత్తుకొని బారులుదీరు తల్లిదండ్రులలో, తాము బడి గడప తొక్కనివారును ఎందరో యుందురు. వారి నమ్మకమునందు నాకు మిక్కిలి గౌరవము కలదు.

వ్రేలినిగూర్చి చెప్పుటకు ముందు నోటినిగూర్చి చెప్పవలెను. మన వర్ణమాల ఒక ధ్వనిశాస్త్రము. కంఠమునుండి బయలుదేరిన ఊపిరి కవర్గమై, అంగిటికి వచ్చి చవర్గమై, నాలుక మడతపడి పైకి తగిలినప్పుడు టవర్గమై, దంతములకు తాకి తవర్గమై, పెదవులయొద్దకు వచ్చి పవర్గమై ముగియును. ఈ క్రమమును వేదాంగములలో నొకటియైన శిక్ష నిర్ణయించినది. వేదమును తప్పులేక పలుకుటకై ఋషులు చేసిన యీ విభాగమే, ఏ మార్పును లేక, ఏ యుపోద్ఘాతమును లేక, పల్లెటూరి యరుగుమీద ఐదేండ్ల పిల్లవానికి సంక్రమించినది. కచటతపలు వరుసగా పలుకుచుండిన బాలుడు తన నోటిలోని స్థానములన్నిటిని లోపలినుండి వెలుపలికి ఒకసారి తడవి వచ్చుచున్నాడు. వానికీ సంగతి తెలియదు, తెలియనక్కరలేదు. మరియొక విశేషము: మన యక్షరమునకు పేరొకటి ధ్వనియొకటి లేదు. క యను అక్షరమును పేరుపెట్టి పిలుచుటయే దాని ధ్వనిని పలుకుట. ఇంగ్లీషువాని హెచ్ అను పేరులో హకారధ్వని లేదు. డబ్ల్యూ అను పేరులో వకారమును వెదకిన దొరకదు. ఐరోపావారు తమ యక్షరముల పేర్లు పిల్లల చదువునకు అడ్డుగానున్నవని గుర్తించి, పేర్లు విడిచి ధ్వనులతోనే చదువుట నేర్పవలెనని 1660లో వెలువడిన పోర్ట్ రాయల్ వ్యాకరణములో ప్రతిపాదించిరి. ఆ సూచన గణితవేత్తయైన పాస్కలుదని ప్రసిద్ధి. నేటికిని ఇంగ్లీషు బడులలో ధ్వనిముందా పేరుముందా యను వాదము తీరలేదు. మన కావాదమే పుట్టలేదు.

అయినను అక్షరమునకు ధ్వనికి సంబంధము మన భాషలో సర్వత్ర సూటియైనదని భ్రమింపరాదు. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున సంస్కృతమునకు 50, ప్రాకృతమునకు 40, తెలుగునకు 36 వర్ణములని లెక్కించెను. ఈ ముప్పదియారింటిలో చకారము రెండు, జకారము రెండు. చేప యనునప్పటి చకారము తాలవ్యము, చాప యనునప్పటిది దంత్యము. జింకలోని జకారము వేరు, జల్లెడలోని జకారము వేరు. వ్రాతలో సాధారణముగా నొకటిగానున్న యీ రెండు ధ్వనులను విడదీసి నేర్పినది బాలశిక్ష కాదు. నేర్పినది ఇల్లు. తల్లి పెట్టు గోరుముద్దలతోపాటు చెవిలో పడిన మాటలవలన, పిల్లవాడు పలక పట్టుటకు ముందే యీ భేదమును పట్టుకొనెను. లకార ళకారములు, నకార ణకారములు, శకార షకార సకారములు కూడ ఇట్టివే. ఇంటి నోటిలో నిలిచిన భేదమును బడి వ్రాయించగలదు. ఇంటి నోటిలో చెడిన భేదమును ఏ పంతులును బెత్తముతో తెచ్చిపెట్టలేడు.

ఇక గుణింతము. అక్షరములు వచ్చిన పిల్లవానికి తలకట్టు, దీర్ఘము, గుడి, గుడిదీర్ఘము, కొమ్ము, కొమ్ముదీర్ఘము, వట్రసుడి, ఎత్వము, ఏత్వము, ఐత్వము, ఒత్వము, ఓత్వము, ఔత్వము, సున్న యను గుర్తులను ఒక్కొక్క హల్లునకు చేర్చి, కకు దీర్ఘమిచ్చిన కా, గుడియిచ్చిన కి, కొమ్మిచ్చిన కు అనుచు రాగయుక్తముగా పలికింతురు. ఈ వల్లింతలో మూడు పనులు ఒక్కసారి జరుగుచున్నవి: గుర్తు పేరు చెప్పబడుచున్నది, అది చేరుటవలన ధ్వని యెట్లు మారునో వినబడుచున్నది, వ్రేలు దానిని గీచుచున్నది. ముప్పది యైదు హల్లులకును ఇది యేకరీతిగా సాగుటచేత, కగుణింతము శ్రద్ధగా నేర్చినవాడు మకారమునకు వచ్చునప్పటికి గురువుతో పనిలేకయే తానై పలుకును. తెలియని మాటనైనను అక్షరముల కూర్పునుబట్టి పలుకగల శక్తి పిల్లవానికి కలిగించుటయే చదువు నేర్పుట యైనచో, లోకములోని యే భాషకును ఇంతకంటె సులభమైన సోపానము లేదని నా నమ్మకము. గుణింతమును బుద్ధిహీనమైన వల్లెయని యెగతాళి చేసిన ఆధునికులు దానిలోని యీ నిర్మాణమును చూడలేదు.

వ్రేలినిగూర్చిన సాక్ష్యము విదేశీయులు విడిచినది. ఇటలీవాడైన పియెత్రో దెల్లా వల్లె 1623లో కన్నడదేశమున ఇక్కేరికి పోవు త్రోవలో, గుడిముంగిట నలుగురు బాలురు గురువు లేకయే కూర్చుండి, నేలపై సన్నని యిసుక పరచుకొని, వ్రేళ్లతో వ్రాయుచు, వ్రాసినదానిని ఒక్క రాగముతో పాడుచు లెక్కలు నేర్చుకొనుచుండగా చూచి యాశ్చర్యపడెను. అటుపిమ్మట రెండువందల యేండ్లకు, మన్రో యుత్తరువు ననుసరించి, 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ పంపిన నివేదిక కలెక్టరులందరి నివేదికలలోను రసవత్తరమైనది. 9,27,857 మంది జనులున్న ఆ జిల్లాలో 533 బడులును, 6,641 మంది విద్యార్థులును ఉండిరి. తెలుగుబడులు 226, కన్నడబడులు 235, తక్కినవి మరాటీ, పారసీ, సంస్కృత, అరవ బడులు, ఇంగ్లీషుబడి ఒక్కటి. ఐదవయేట బడిపంతులును, బడిపిల్లలును బాలుని యింటికి పిలువబడుదురనియు, వినాయకుని చుట్టును వలయముగా కూర్చుండి ప్రార్థన చెప్పించిన పిమ్మట పంతులు బాలుని వ్రేలు పట్టి బియ్యములో వ్రాయించుననియు, మరునాటినుండి చదువారంభమగుననియు కాంబెల్ వర్ణించెను. చదువు బడిలో సాగినను దాని పుట్టుక మాత్రము ఇంటనే జరిగెననుటకిది నిదర్శనము.

అక్షరములను బాలుడు ఇసుకలో వ్రేలితో వ్రాయుటద్వారా నేర్చుకొనుననియు, ఐరోపాలోవలె అక్షరమాలను ఉచ్చరించుటద్వారా కాదనియు ఆ కలెక్టరు వ్రాసెను. ఈ మాట నేను పైన చెప్పినదానికి విరుద్ధముగా కనబడవచ్చును. కాని యతడు దేనితో పోల్చుచున్నాడో యోచింపవలెను. ఆ కాలపు ఇంగ్లీషుపిల్లవాడు అక్షరముల పేర్లను వరుసగా అప్పగించుట మొదట నేర్చి, ఎంతో కాలమునకుగాని కలము పట్టడు. మన పిల్లవాని చేతికి మొదటిదినముననే పని దొరకెను. ఆ భేదమునే కాంబెల్ గుర్తించెను. చేయి కదలినప్పుడు నోరు మూతపడియుండెనని యతని మాటలకు అర్థము చెప్పరాదు. దెల్లా వల్లె చూచిన బాలురు వ్రాయుచు పాడిరి గదా. దిద్దుట యను పనిలో ధ్వనియు వ్రాతయు వేరుపడుటకు వీలేలేదు.

ఇసుకలో చేయి తిరిగిన పిమ్మట పిల్లవానికి తాటాకు, గంటము ఇచ్చుటయు కలదు. కాని బళ్లారి ప్రాంతమున అధికముగా వాడుకలోనున్నవి రెండు. మూడడుగుల పొడవును అడుగు వెడల్పును గల చెక్కను నునుపుచేసి, అన్నమును బొగ్గుపొడిని కలిపి పూసిన పలక యొకటి. గంజిపెట్టిన గుడ్డను పుస్తకమువలె మడతలుపెట్టి, బొగ్గును జిగురులను కలిపి పూసిన కడితము రెండవది. రెండింటిమీదను బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడిచివేయవచ్చును. ఖర్చులేని యీ పనిముట్లలోని గొప్ప గుణము తుడిచివేయుటకు వీలగుటయే. తప్పు వ్రాసిన గుర్తు మిగులదు, కావున పిల్లవానికి తప్పు వ్రాయుటకు వెరపుండదు. మార్కాపురపు గనుల రాతిపలకలు వచ్చినప్పుడును ఈ గుణము చెడలేదు. కాగితమును, సిరాయును పసివాని చేతికి వచ్చిన తరువాతనే తప్పు శాశ్వతమైనది.

ఈ యిసుకవ్రాత సముద్రము దాటిన వృత్తాంతము విచిత్రమైనది. 1789లో చెన్నపట్టణమున ఎగ్మూరులో, ఐరోపా సైనికుల యనాథ బాలురకై నెలకొల్పబడిన ఆశ్రమమునకు అధికారియైన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, దేశీయుల వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుచుండుట చూచి, తన బడిలోను అట్లే చేయింపగోరెను. క్రిందితరగతికి చెప్పు ఉపాధ్యాయులు అది తమ వలన కాదనిరి. అంతట ఆయన ఎనిమిదేండ్ల పిల్లవానికా పని యప్పగింపగా వాడు చక్కగా నెరవేర్చెను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పు మన వీధిబడి యాచారము, ఇసుకపళ్లెము, రెండును కలిసి బెల్ 1797లో లండనులో ప్రకటించిన గ్రంథముద్వారా ఇంగ్లండునకు చేరి, మద్రాసు పద్ధతి యను పేర వేలకొలది బీదపిల్లలకు అక్షరములు నేర్పినవి. మన బడుల పొదుపును, పిల్లలచే పిల్లలకు చెప్పించు రీతిని కాంబెల్ మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించుట యుక్తమేయని వ్రాసెను. మన దొరతనమువారే యీ పద్ధతిని అనాగరికమని త్రోసివేసిన దినములలో, వారి పేదలబడులలో దొరబిడ్డలు ఇసుకలో వ్రేలుపెట్టి దిద్దుచుండిరి.

పూర్వపు చదువును పొగడుచు దాని దోషములను కప్పిపుచ్చుట నా యుద్దేశము కాదు. ఉదయమున మొదట వచ్చిన పిల్లవాని యరచేతిలో సరస్వతి నామమును, రెండవవాని చేతిలో సున్నను వ్రాసి, మూడవవానికొక దెబ్బ, నాలుగవవానికి రెండు దెబ్బలు చొప్పున పెంచుచు పోవుదురని కాంబెల్ వ్రాసెను. కోదండమువేసి దూలమునకు వ్రేలగట్టుటయు కలదు. భయపెట్టి నేర్పిన యక్షరము వచ్చునేమోగాని, చదువుపై ప్రేమ రాదు. అర్థము తెలియకయే పద్యములు వల్లెవేయించుటయు, చెప్పు పంతులకే వాని యర్థము తెలియకుండుటయు ఆయన గుర్తించిన మరియొక లోపము. ధ్వని చక్కగా వచ్చినను భావము రాని చదువు సగము చదువే.

వీనికన్న గొప్ప దోషము వేరొకటి కలదు. బళ్లారి జిల్లాలోని 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. తెలుగుజిల్లాల పట్టికలలో బ్రాహ్మణ వైశ్యుల పిల్లల పాలు అధికము. మాలమాదిగల బిడ్డలకు వీధిబడి యరుగు ఎక్కు నధికారమే లేకుండెను. వారి యిండ్లలో అక్షరము తెలిసిన పెద్దలు లేనందున ఇంటిచదువును లేదు. ఇంటినుండి ఇంటికి సంక్రమించు విద్యకు సహజమైన దోషమిది: ఉన్న యింట నిలుచును, లేని యింటికి పోదు. దీనిని మరచి ఇంటిచదువును కీర్తించుట అన్యాయము.

ఆడపిల్లల విషయములో మాత్రము ఇల్లే కొంత ప్రాయశ్చిత్తము చేసికొనెను. వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టుటకు ముందును, పెట్టిన పిమ్మట చిరకాలమువరకును, చదువు వచ్చిన తెలుగుస్త్రీలలో పెక్కుమంది తండ్రియొద్దనో సోదరునియొద్దనో ఇంట నేర్చినవారే. భండారు అచ్చమాంబ బడికి పోలేదు. తన యింట నుండి చదువుకొనుచుండిన తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చెంత కూర్చుండి తెలుగును హిందీని నేర్చెను. ఆమె 1901లో ప్రకటించిన అబలా సచ్చరిత్ర రత్నమాల స్త్రీల చరిత్రలను స్త్రీయే వ్రాసిన మహాగ్రంథము. ముప్పదియొకటవ యేటనే ఆమె మరణించుట మన దురదృష్టము.

ఆ 1901లోనే లక్ష్మణరావు ప్రభృతుల పూనికతో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. నైజామున సర్కారు చదువు ఉర్దూలో సాగుచుండుటచేత, తెలంగాణములో తెలుగుబిడ్డకు తల్లిభాష యక్షరములు దొరకు చోట్లు రెండే: ఇల్లు, ఊరివారు చందాలు వేసికొని నిలుపుకొన్న ఖాన్‌గీ బడి. ఆ బడులపై సర్కారు అనుమతుల నిర్బంధము బిగించినప్పుడు మిగిలినది ఇల్లొక్కటియే. అక్కడి తెలుగువారు తమ లిపిని నిలుపుకొన్నది ఏ రాజాదరణమువలనను కాదు.

అచ్చుపుస్తకము వచ్చి యీ చదువును క్రొత్తదారి పట్టించినది. 1832లో పుదూరి సీతారామశాస్త్రి ఒక ఇంగ్లీషుదొర ప్రోత్సాహముతో బాలశిక్షను కూర్చెను. అక్షరములు, గుణింతములు, చిన్నమాటలు, పెద్దమాటలు, సంవత్సరములు, తిథివారనక్షత్రములు, నీతివాక్యములు, అన్నియు చేరి క్రమముగా పెద్దబాలశిక్షయై, ఇంటింట రామాయణముప్రక్కన చోటు సంపాదించుకొనెను. పంతులు లేని పల్లెలో కూడ అక్షరము తెలిసిన పెద్ద యొకడున్నచో చదువు చెప్పుటకు వీలుకలిగించినది ఈ పుస్తకమే. దాని యుపకారమును తెలుగుజాతి మరువరాదు. కాని యచ్చువలన అక్షరము మొదటిసారిగా కంటికి ముందు కనబడునదైనది. పిమ్మట బొమ్మల వాచకములు వచ్చినవి. ఆవు బొమ్మ చూచి ఆ యనుట పిల్లలకు వేడుకయే, వేడుక మంచిదే. అయితే బొమ్మను చూచి మాటను ఊహించువాడు అక్షరమును వినుట మానుకొనును. బొమ్మ లేని పుటకు వచ్చినప్పుడు వాని బలహీనత బయటపడును.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు చేసిన పని యిచ్చట తలపునకు వచ్చుచున్నది. లిపిలేని సవరభాషను ఆయన సవరల నోటినుండియే నేర్చి, వారి ధ్వనులకు అక్షరములు కుదిర్చి, వాచకములు వ్రాసి, తన ఖర్చుమీద వారికి బడులు పెట్టెను. పుస్తకమునుబట్టి పిల్లవాని నోటిని దిద్దుట కాక, పిల్లవాని నోటినిబట్టి పుస్తకమును వ్రాసిన మహనీయుడాయన. అక్షరములను ధ్వనులకు సేవకులుగా చూచిన వానికే అట్టి పని సాధ్యమగును.

నేటి మన పట్టణములలో మూడేండ్లు నిండకుండగనే పిల్లవానికి ఇంగ్లీషు అక్షరముల పేర్లు వచ్చుచున్నవి. తెలుగు వర్ణమాల ఆరవయేటనో ఏడవయేటనో, పరీక్షకై చదువవలసిన వేరొక పాఠముగా వచ్చుచున్నది. అప్పటికి ళకారము లకారమైపోయి, ణకారము నకారమైపోయి యుండును. ఇంగ్లీషు నేర్పవద్దని నేననను. అయితే ధ్వనికొక గుర్తు, గుర్తునకొక ధ్వని యను న్యాయము చాలవరకు నిలకడగానున్న లిపితో మొదలుపెట్టిన పిల్లవాడు, ఆ న్యాయము అడుగడుగున తప్పు ఇంగ్లీషులోనికి ధైర్యముతో పోగలడు. తలక్రిందుగా మొదలిడినవాడు రెండింటను తడబడును.

కావున తల్లిదండ్రులకు నా విన్నపమిది. అక్షరాభ్యాసము చేయించిన మరునాడు ఆ బియ్యపు పళ్లెమును తీసి వంటయింటిలో పెట్టివేయకుడు. దినమునకొక గడియ బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఒక్క యక్షరమును స్పష్టముగా పలికి, పలికించి, వ్రేలుపట్టి దిద్దించుడు. చాపయు చేపయు చెప్పించి, నాలుక యెచ్చట తాకుచున్నదో వానినే చెప్పమనుడు. దెబ్బ వలదు, తొందర వలదు. దేశాంతరమున నున్నవారు కూడ దీనికై బడిని వెదకికొననక్కరలేదు; మీ నోటిలో తెలుగున్నంతవరకు బడి మీ యింటనే యున్నది. మీ యింట పనిచేయు ఆమె బిడ్డ గడపయొద్ద నిలిచి చూచుచున్నచో, ఆ బిడ్డనుగూడ పిలిచి పళ్లెముముందు కూర్చుండబెట్టుడు.